జ్వరం అయిదు రోజులు దాటిందా? ఒంటిమీద నల్లమచ్చ వెతకండి

ఈశాన్య వానలు పడి స్వర్ణముఖిలో నీళ్ళు కదిలితే నాయుడుపేట చుట్టుపక్కల రైతుకు ఊపిరి పీల్చుకునే తీరిక ఉండదు. ఒకపక్క నారుమడి, మరోపక్క దమ్ము, ఇంకోపక్క గట్లు చెక్కడం, ఆ వెంటనే నాట్లు. ఈ పనులన్నీ జరిగే రోజుల్లోనే మన ఊళ్ళలో ఒక జ్వరం కూడా తిరుగుతూ ఉంటుంది. దాన్ని కొందరు టైఫాయిడ్ అంటారు, కొందరు డెంగ్యూ అంటారు, ఇంకొందరు విషజ్వరం అని ఊరుకుంటారు. అసలు పేరు స్క్రబ్ టైఫస్. దాన్ని తెచ్చిపెట్టేది గట్టుమీద గడ్డిలో ఉండే కంటికి ఆనని పురుగు.

మా బావ సంగతే చెబుతాను. ఆయనకు రెండున్నర ఎకరాల మాగాణి, రెండు గేదెలు. కొన్నేళ్ళ కిందట దీపావళి వెళ్ళాక కయ్యల గట్లు చెక్కాడు. పది పన్నెండు రోజులకు చలితో జ్వరం పట్టుకుంది. తల పగిలిపోతోందన్నాడు. ఊళ్ళో ఆర్.ఎం.పి. దగ్గర రెండు రోజులు సూదులు వేయించాం. తగ్గలేదు. ఒక ఆసుపత్రికి తీసుకుపోతే రక్తపరీక్ష చేసి టైఫాయిడ్ అన్నారు. అయిదు రోజులు సెలైన్లో మందు ఎక్కించారు. జ్వరం మెట్టు దిగలేదు. ఈలోగా ప్లేట్‌లెట్లు పడిపోయాయి, అయితే డెంగ్యూ అన్నారు. తొమ్మిదో రోజుకు కళ్ళు పచ్చబడ్డాయి, ఆయాసం మొదలైంది, మా అక్కను పట్టుకుని "ఎవురు నువ్వు?" అన్నాడు. అప్పుడు పెద్ద ఆసుపత్రికి ఎత్తుకుపోయాం.

అక్కడ రాత్రి డ్యూటీలో ఉన్న చిన్న వయసు డాక్టరమ్మ కాగితాలు పక్కన పెట్టి ముందు అడిగిన మాట, "ఏం పని చేస్తాడు?" అని. వ్యవసాయం అన్నాం. చొక్కా విప్పించి, పంచె వదులు చేయించి, టార్చిలైటు వేసి చంకలు, మెడ, నడుము అంతా వెతికింది. మొలతాడు కింద, ఎడమపక్క, చిటికెనవేలి గోరంత నల్లటి పెచ్చు కనిపించింది. చుట్టూ ఎర్రటి అంచు. మా అక్క చూసి "బీడీ నిప్పు పడి కాలుంటుందమ్మా" అంది. బావ బీడీ మానేసి అప్పటికి ఆరేళ్ళు. డాక్టరమ్మ మాత్రం ఆ మచ్చ చూడగానే మందు మార్చేసింది. మూడో రోజుకు జ్వరం దిగింది. ఆ మందు ఖరీదు మేము వెళ్ళిన ఆటో కిరాయికి కూడా రాదు. ఈలోపల చూడిగేదె అమ్ముడైపోయింది.

తొమ్మిది రోజులు మేమందరం ఆయన మంచం పక్కనే ఉన్నాం. ఆ మచ్చా అక్కడే ఉంది. ఎవరమూ చూడలేదు.

కొత్తదీ కాదు, వైరసూ కాదు

2025 నవంబరు, డిసెంబరు నెలల్లో ఈ జబ్బు పేరు ఒక్కసారిగా పేపర్లకెక్కింది. మన రాష్ట్రంలో కేసులు ఎక్కువగా చిత్తూరు జిల్లాలో బయటపడ్డాయి. నెల్లూరు, తిరుపతి జిల్లాలతో సహా మిగతా చోట్లా కనిపించాయి. ఏదో కొత్త వైరస్ వచ్చిందని టీకొట్ల దగ్గర చెప్పుకున్నారు. అది నిజం కాదు. ఇది బాక్టీరియా జబ్బు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అస్సాం, బర్మా అడవుల్లో పోరాడిన సైనికులను ఈ జ్వరం పెద్ద ఎత్తున పడగొట్టింది. మన దగ్గర తిరుపతి స్విమ్స్ ఆసుపత్రి వాళ్ళు జ్వరంతో వచ్చిన రోగుల్లో ఈ సూక్ష్మజీవిని గుర్తించి, అది ఏ రకానికి చెందిందో పరిశీలించి, 2016లోనే వైద్య పత్రికలో రాశారు. హైదరాబాదు నిమ్స్ వైద్యులు 2014లో రాశారు. కాబట్టి జబ్బు పాతదే. దాని గురించి ఊళ్ళకు కబురు అందడమే ఆలస్యమైంది.

పేరు చూసి టైఫాయిడ్ అనుకోవద్దు. టైఫాయిడ్ కలుషితమైన నీళ్ళు, తిండి వల్ల వస్తుంది. స్క్రబ్ టైఫస్ పురుగు కుడితే వస్తుంది. స్క్రబ్ అంటే తుప్పలు, పొదలు అని అర్థం. టైఫాయిడ్‌కు మామూలుగా ఎక్కించే సూదిమందు దీనికి పనిచేయదు. మా బావ విషయంలో అయిదు రోజులు వృథా అయింది అందుకే.

ఆరుద్ర పురుగుకు దాయాది

నల్లి అంటే ఏమిటో మన రైతుకు చెప్పాల్సిన పనిలేదు. మిరపలో ఆకు కిందికి ముడిస్తే నల్లి అంటాం. వంగ, బెండ ఆకుల అడుగున బూజులా గూడు అల్లేది ఎర్రనల్లి. కొబ్బరికాయ మీద పెచ్చులు కట్టించేది కూడా నల్లే. ఈ జ్వరం మోసే పురుగు ఆ జాతిదే. మంచంలో ఉండే నల్లి మాత్రం వేరు. దానికీ దీనికీ సంబంధం లేదు.

ఇంకా దగ్గరి చుట్టం కావాలంటే ఆరుద్ర పురుగును తలుచుకోండి. తొలకరి పడగానే ఎర్రటి పట్టుగుడ్డ ముక్కలా నేలమీద పాకుతుంది. దాన్ని చూస్తే వానలు బాగా పడతాయని మన పెద్దలు సంతోషించేవాళ్ళు. ఆరుద్ర పురుగు మనిషిని ఏమీ చేయదు, దాన్ని చంపకండి. దానికి దాయాది వరసయ్యే ఇంకో చిన్న పురుగు ఉంది. అదీ పెద్దదైతే మనిషి జోలికి రాదు. మట్టిలో చిన్న చిన్న పురుగుల గుడ్లు తిని బతుకుతుంది. పేచీ అంతా దాని పిల్లతోనే. గుడ్డులోంచి వచ్చిన పిల్లపురుగు మిల్లీమీటరులో అయిదో వంతు ఉంటుంది. నారింజ రంగు, ఆరు కాళ్ళు. అది ఎదగాలంటే జీవితంలో ఒక్కసారి ఏదైనా ప్రాణి ఒంటిని పట్టుకుని ఆహారం తీసుకోవాలి. అందుకని గడ్డిపోచల మీద, రాలిన ఆకుల మీద కాచుకొని ఉంటుంది. మామూలుగా దానికి దొరికేది ఎలుక, పందికొక్కు, చుంచు. ఎలుక చెవి లోపల చూస్తే నారింజపొడి చల్లినట్లు ఈ పిల్లపురుగులు గుంపుగా అంటుకుని ఉంటాయట. ఎలుక బదులు మనం అటు పోతే మనల్ని పట్టుకుంటుంది.

జబ్బు సూక్ష్మజీవి తల్లిపురుగు నుంచి గుడ్డుకు, గుడ్డు నుంచి పిల్లకు వంశపారంపర్యంగా వస్తుంది. అందువల్ల ఒకసారి ఒక చోట పాతుకున్న తర్వాత ఏళ్ళ తరబడి ఆ చోటనే ఉంటుంది. అన్ని గట్లమీదా ఉండదు. ఒక గట్టుమీద దండిగా ఉండి, పది బారల అవతల అసలు లేకపోవచ్చు. పదిమంది కూలీలు ఒకే రోజు గడ్డి కోసినా ఒకరిద్దరికే జ్వరం రావడంలో వింత లేదు.

గడ్డి పెరిగి, నేల తేమగా ఉండి, ఎలుకలు ఉన్న చోటు దీనికి ఇల్లు. చెక్కని గట్లు, కాలవ ఒడ్లు, సర్వితోటల్లో రాలిన చెత్త, కంపచెట్ల కింద పెరిగిన తుప్పలు, ఊరి చివర దిబ్బలు, ఇంటి వెనక నెలల తరబడి కదపని కట్టెలమోపు. వానాకాలం మొదలు సంక్రాంతి దాటేదాకా, అందులోనూ అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య మన దక్షిణాదిలో జ్వరాలు ఎక్కువగా కనిపిస్తాయి. మన నాట్ల కాలమూ అదే. వరి కయ్యల్లో బుట్టలు పెట్టి ఎలుకలు పట్టే యానాదులకు, గేదెలు మేపేవాళ్ళకు, గడ్డిమోపు నెత్తిన పెట్టుకొచ్చే ఆడవాళ్ళకు ఇది తగిలే అవకాశం ఎక్కువ.

చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. గేదెల పొదుగు దగ్గర, చెవుల్లో పట్టే పిడుదుల వల్ల ఇది వస్తుందా అని. రాదు. పిడుదులు తెచ్చే జ్వరాలు వేరే ఉన్నాయి, పశువులకూ ఉన్నాయి, మనుషులకూ ఉన్నాయి. వాటిని ఏరేయాల్సిందే. కానీ స్క్రబ్ టైఫస్ పాల వల్ల రాదు, పేడ వల్ల రాదు, మనిషి నుంచి మనిషికి అంటదు. జ్వరం వచ్చినవాళ్ళ కంచం, మంచం వేరు చేయాల్సిన అవసరం లేదు.

మచ్చ ఎక్కడ ఉంటుంది?

పిల్లపురుగు కుట్టినట్లు తెలియదు. నొప్పి ఉండదు, చాలామందికి దురద కూడా ఉండదు. ఒంటిమీద ఎక్కి, బట్ట బిగిసి ఉన్న చోటు, చర్మం మెత్తగా చెమటగా ఉన్న చోటు వెతుక్కుంటుంది. మగవాళ్ళలో మొలతాడు కింద, గజ్జల్లో, వృషణాల మీద, చంకల్లో. ఆడవాళ్ళలో లంగాబొందు కట్టేచోట, రొమ్ముల అడుగున, చంకల్లో, తొడల మధ్య. పిల్లల్లో చెవి వెనక, మెడ మీద, తలలో జుట్టు కింద. మోకాలి వెనక, పిరుదుల మధ్య, బొడ్డులో కూడా ఉండొచ్చు.

ముందు చిన్న పొక్కు వస్తుంది. అది చితికి నల్లటి పెచ్చు కడుతుంది. చుట్టూ ఎర్రటి వలయం. చూడటానికి సిగరెట్టుతో కాల్చినట్లు ఉంటుంది. నొప్పి లేదు కాబట్టి రోగికే తెలియదు. దానికి దగ్గరలో ఉన్న బిళ్ళలు ఉబ్బి ఉండొచ్చు. నడుము దగ్గర మచ్చ ఉంటే గజ్జల్లో బిళ్ళ కట్టడం అలాంటిదే.

ఇక్కడ మన ఆడవాళ్ళ విషయం విడిగా చెప్పాలి. నాట్లలో, కలుపులో ఉండేది ఎక్కువగా వాళ్ళే. కోక ఎగదోపుకుని గట్టుమీద కూర్చుని సద్ది తినేదీ వాళ్ళే. జ్వరం వస్తే డాక్టరు ముందు చెయ్యి చాచి నాడి చూపిస్తారు గానీ రవిక కింద ఏముందో చూపించరు. డాక్టరు మగవాడైతే ఆయనా అడగడు. ఇందులో ఎవరి తప్పూ లేదు, మన పద్ధతి అలాంటిది. కానీ మచ్చ అక్కడే ఉంటుంది. అందుకని ఆసుపత్రికి బయలుదేరే ముందే తల్లో, అక్కో, కోడలో తలుపు వేసుకుని దీపం వెలుతురులో తలవెంట్రుకల నుంచి కాలివేళ్ళ దాకా ఒకసారి చూడాలి. ఎవరూ లేకపోతే ఆశా కార్యకర్తనో, ఏఎన్ఎం అమ్మనో పిలవొచ్చు. పది నిమిషాల పని. కనిపిస్తే "ఇక్కడ నల్లమచ్చ ఉంది" అని నోటితో చెప్పినా చాలు, సగం వైద్యం అయినట్లే.

ఒక హెచ్చరిక. మచ్చ అందరిలోనూ ఉండదు. మచ్చ కనపడలేదు కాబట్టి ఇది ఆ జ్వరం కాదని నిర్ధారించుకోకూడదు.

జ్వరం ఎందుకు దొరకదు?

పురుగు కుట్టాక ఆరు రోజుల నుంచి మూడు వారాల లోపల జ్వరం వస్తుంది. ఎక్కువమందికి పది పన్నెండు రోజులకు. అప్పటికి గట్టు చెక్కిన సంగతి మనమే మర్చిపోయి ఉంటాం. తలనొప్పి, ఒళ్ళునొప్పులు, కళ్ళు ఎర్రబడటం, పొడిదగ్గు, వాంతులు, కొందరిలో ఒంటిమీద ఎర్రటి దద్దు. ఇవన్నీ డెంగ్యూలోనూ ఉంటాయి, మలేరియాలోనూ ఉంటాయి, బురదలో తిరిగేవాళ్ళకు ఎలుక మూత్రం వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్‌లోనూ ఉంటాయి. ప్లేట్‌లెట్లు పడిపోవడం డెంగ్యూ ఒక్కదాని గుర్తు కాదు, ఇందులోనూ పడతాయి. మన దగ్గర ఎక్కువగా చేసే వైడాల్ పరీక్ష కొన్నిసార్లు టైఫాయిడ్ లేకపోయినా ఉన్నట్లు చూపిస్తుంది.

స్క్రబ్ టైఫస్‌కు ఎలీసా అనే రక్తపరీక్ష ఉంది. దానికీ ఒక ఇబ్బంది. ఆ పరీక్ష పట్టుకునేది జబ్బుతో పోరాడటానికి మన ఒళ్ళు తయారుచేసుకునే పదార్థాన్ని. అది తయారవడానికి వారం దాకా పడుతుంది. మొదటి రోజుల్లో పరీక్ష చేస్తే లేదని రావొచ్చు. ఒకసారి లేదని వచ్చిందని ధైర్యంగా ఇంటికొచ్చి పడుకుంటే రెండో వారంలో ప్రమాదం. ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, కాలేయం, మెదడు దెబ్బతినేది రెండో వారంలోనే.

ఈ చిక్కులన్నీ ఆలోచించే భారత వైద్య పరిశోధనా మండలి 2015లో డాక్టర్లకు మార్గదర్శకాలు ఇచ్చింది. అయిదు రోజులు, అంతకు మించి ఉన్న జ్వరానికి వేరే కారణం దొరకకపోతే, మచ్చ ఉన్నా లేకున్నా దీన్ని అనుమానించాలి. అనుమానం వస్తే పరీక్ష ఫలితం కోసం ఆగకుండా మందు మొదలుపెట్టాలి. ఇది ప్రాథమిక ఆరోగ్య కేంద్రం స్థాయిలోనే చేయదగిన పని.

ఇది ఎంత ఎక్కువగా ఉందో మనకు పొరుగునే లెక్క తేలింది. వేలూరు సి.ఎం.సి. వైద్యులు, లండన్ పరిశోధకులు కలిసి తమిళనాడులో 37 పల్లెల్లో 32 వేల మందిని 2020 నుంచి 2022 దాకా ఇల్లిల్లూ తిరిగి గమనించారు. జ్వరం వచ్చినవాళ్ళలో దాదాపు పదిమందికి ఒకరిది స్క్రబ్ టైఫస్ అని తేలింది. ఆ ఫలితం 2025లో ప్రచురించారు. మన వాళ్ళు వైద్యానికని బస్సెక్కి పోయే వేలూరు అది. అక్కడి గట్టుకూ మన గట్టుకూ పెద్ద తేడా ఏముంటుంది?

ఉత్తరాన గోరఖ్‌పూర్ సంగతి మీరు వినే ఉంటారు. ఏటా వానాకాలంలో మెదడువాపుతో పిల్లలు చనిపోయేవారు. ఎన్నో ఏళ్ళు అది దోమల వల్ల వచ్చే మెదడువాపే అనుకున్నారు. 2015, 2016లలో పరీక్షిస్తే సగానికి పైగా పిల్లల్లో స్క్రబ్ టైఫస్ ఆనవాళ్ళు బయటపడ్డాయి. జ్వరం దశలోనే మందు పడి ఉంటే వాళ్ళలో ఎందరో మెదడువాపు దాకా పోయేవారు కాదు.

మందు ఏది?

డాక్సీసైక్లిన్. అరవై ఏళ్ళుగా వాడుకలో ఉన్న మందు. పెద్దవాళ్ళకు 100 మిల్లీగ్రాములది రోజుకు రెండు పూటలా, సాధారణంగా వారం రోజులు ఇస్తారు. గర్భిణులకు అజిత్రోమైసిన్ ఇస్తారు. పిల్లలకు ఏది, ఎంత అనేది బరువు చూసి డాక్టరు నిర్ణయిస్తారు. మొదటి వారంలోనే మందు పడితే చాలామందిలో రెండు రోజుల్లో జ్వరం దిగిపోతుంది. టైఫాయిడ్‌కు వాడే సెఫ్‌ట్రయాక్సోన్ సూదులు, పెన్సిలిన్ జాతి మందులు దీనిమీద పనిచేయవు, ఎన్ని సీసాలు ఎక్కించినా అంతే.

జబ్బు ముదిరి ఆయాసం, మగత దాకా వెళితే ఒక మందు సరిపోకపోవచ్చు. వేలూరు వైద్యుల ఆధ్వర్యంలో మన దేశంలోని ఏడు ఆసుపత్రులు కలిసి చేసిన పరీక్షలో, ముదిరిన రోగులకు డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ రెండూ కలిపి రక్తంలోకి ఎక్కిస్తే ఒక్కటి ఇచ్చినదానికన్నా మేలని 2023లో తేలింది. ఆ దశకు పోయినవాళ్ళను పెద్ద ఆసుపత్రిలోనే ఉంచాలి. అసలు మందే పడకపోతే ఏమవుతుందంటే, పాత రికార్డులన్నీ పోగుచేసి 2015లో వేసిన లెక్క ప్రకారం నూటికి ఆరుగురు చనిపోయారు. కొన్ని చోట్ల అంతకంటే చాలా ఎక్కువ.

ఇది చదివి మందులషాపుకు వెళ్ళి సొంతంగా మాత్రలు కొనకండి. అది మలేరియా అయితే? డెంగ్యూ అయితే? డాక్టరు చూసి రాయాలి. రాసిన తర్వాత మాత్రం రెండో రోజుకే జ్వరం తగ్గిందని మిగిలిన మాత్రలు గూట్లో పెట్టకూడదు. తిన్న తర్వాత నిండు గ్లాసు నీళ్ళతో మింగాలి. మింగగానే పడుకోకూడదు, గొంతులో, అన్నవాహికలో పుండ్లు పడతాయి. ఒకసారి వచ్చింది కదా, ఇక రాదులే అనుకోవడానికీ లేదు. సూక్ష్మజీవిలో రకాలు ఉన్నాయి, మళ్ళీ రావొచ్చు. టీకా ఇంకా లేదు.

అమెరికాలో తల్లులు పట్టుకున్న జబ్బు

ఇలా చర్మం మీద గుర్తు పెట్టే పురుగు జబ్బు అమెరికాలోనూ ఉంది. లైమ్ అనే ఊరి పేరుతో దాన్ని లైమ్ జబ్బు అంటారు. ఆ ఊరు కనెటికట్ రాష్ట్రంలో ఉంది. 1970 దశకంలో అక్కడి పిల్లలకు మోకాళ్ళు వాచిపోయేవి. డాక్టర్లు తలా ఒక మాట చెప్పారు. పాలీ ముర్రే అనే గృహిణి తన ఇంట్లోవాళ్ళ జబ్బుల వివరాలన్నీ ఏళ్ళ తరబడి ఒక పుస్తకంలో రాసిపెట్టింది. 1975లో ఆమె, ఇంకో తల్లి విడివిడిగా ఆరోగ్యశాఖకు చెప్పారు, ఒకే చోట ఇంతమందికి ఎలా వస్తుంది అని. అప్పుడు యేల్ విశ్వవిద్యాలయం వైద్యులు వచ్చి చూశారు. అడవి జింకల వెంట ఉండే పిడుదు కుడితే వస్తోందని తేలింది. దానికి కారణమైన సూక్ష్మజీవిని విల్లీ బర్గ్‌డార్ఫర్ అనే శాస్త్రజ్ఞుడు కనిపెట్టి 1982లో ప్రకటించాడు. పిడుదు కుట్టిన చోట ఎర్రటి మచ్చ రోజురోజుకూ వలయంగా పెద్దదవుతుంది. మచ్చ దశలో మందు వేస్తే తగ్గిపోతుంది. వదిలేస్తే కీళ్ళు, నరాలు, గుండె దాకా పోతుంది. ఆ మందు కూడా ఎక్కువగా డాక్సీసైక్లినే!

అమెరికాలో ఏటా 4 లక్షల 76 వేల మంది దాకా లైమ్ జబ్బుకు వైద్యం తీసుకుంటున్నారని అక్కడి ప్రభుత్వ సంస్థ అంచనా. న్యూజెర్సీ, కనెటికట్ వైపు మన తెలుగు పిల్లలు చాలామంది ఉన్నారు. మీ వాళ్ళెవరైనా అక్కడ ఉంటే, పెరట్లో గడ్డిలో, అడవిదారుల్లో తిరిగొచ్చాక ఒళ్ళు చూసుకోమని ఫోనులో చెప్పండి. పిడుదు కనిపిస్తే పట్టకారుతో చర్మం దగ్గర పట్టుకుని నిదానంగా లాగేయాలి. సాధారణంగా ఒక రోజుకు పైగా అంటిపెట్టుకుని ఉంటేనే జబ్బు వస్తుంది కాబట్టి ఏ రోజుకారోజు చూసుకుంటే చాలు. మన పురుగుతో ఆ వసతి లేదు, కంటికి కనపడదు కదా.

పొలంలో ఏం చేయాలి?

పొలం పని మానలేం. నిండుచేతుల చొక్కా, కాళ్ళు కప్పే బట్ట అంటే బురదలో కుదరదని నాకూ తెలుసు. దమ్ములో, నీళ్ళు నిలిచిన మడిలో ఈ పురుగు భయం తక్కువే. భయమంతా పొడి గట్టుమీద. గట్లు చెక్కే రోజు, గడ్డి కోసే రోజు, తుప్పలు కొట్టే రోజు అయినా పాత ప్యాంటు, నిండుచేతుల చొక్కా వేసుకోవాలి. సద్ది తినేటప్పుడు గడ్డిమీద కూర్చోకుండా ఖాళీ సంచో, పట్టానో పరుచుకోవాలి. మధ్యాహ్నం చెట్టు కింద తలకింద చెయ్యి పెట్టుకుని కునుకు తీయడం మనకు అలవాటు. అక్కడా సంచి ఉండాలి. తీసిన చొక్కా, తుండుగుడ్డ గడ్డిమీద, పొదలమీద ఆరేయొద్దు, చెట్టుకొమ్మకు తగిలించండి. దోమలకు రాసుకునే పూతమందుల్లో డీట్ అనే పదార్థం ఉన్నవి దీన్ని కూడా దగ్గరకు రానివ్వవు. పైరుకు కొట్టే నల్లిమందు ఒంటికి పూసుకునే తెలివితక్కువ పని మాత్రం ఎవరూ చేయొద్దు.

ఇంటికి రాగానే ఆ బట్టలు విప్పి వేడినీళ్ళలో నానేయండి. పిల్లపురుగు కుట్టేచోటు వెతుక్కుంటూ కొంతసేపు ఒంటిమీద తిరుగుతుంది. ఆలోపల సబ్బుతో రుద్ది స్నానం చేస్తే చాలావరకు పోతుంది. ఊరికే నాలుగు చెంబులు పోసుకుంటే కాదు, మొలతాడు కింద, చంకల్లో, చెవుల వెనక రుద్దాలి. గడ్డిమోపు ఇంట్లోకి తెచ్చి మంచం పక్కన దించొద్దు. ఇంటి చుట్టూ పదడుగుల మేర గడ్డి, తుప్పలు లేకుండా చూసుకోవాలి. ఎలుకలు, పందికొక్కులు ఎటూ పంటకు శత్రువులే, వాటిని తగ్గిస్తే రెండు విధాలా లాభం. గట్లు తక్కువ వెడల్పుతో శుభ్రంగా ఉంచితే ఎలుక బొరియలు తగ్గుతాయి.

ఇవన్నీ చేసినా జ్వరం రావొచ్చు. అప్పుడు డాక్టరుకు నోరు విప్పి మూడు సంగతులు చెప్పండి. జ్వరం ఎన్నో రోజు, గత మూడు వారాల్లో గడ్డిలోగానీ తుప్పల్లోగానీ పనిచేశారా, ఒంటిమీద నల్లమచ్చ ఉందా లేదా. "ఇది స్క్రబ్ టైఫస్ అయి ఉంటుందా సార్?" అని అడగడానికి మొహమాటపడొద్దు. మంచి డాక్టరు ఎవరూ కోప్పడరు. ఆయాసం, మగత, మాట తడబాటు, మూత్రం తగ్గడం, కళ్ళు పచ్చబడటం ఇందులో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోను చేయాలి.

మా బావ మొన్న మళ్ళీ గట్లు చెక్కాడు. కొడవలితోపాటు ఖాళీ యూరియా సంచి చంకలో పెట్టుకుపోయి, కూర్చోవాలంటే అది పరుచుకున్నాడు. మొలతాడు తీసేయమని మా అక్క ఎంత చెప్పినా వినలేదు. "అది తీస్తే బాగోదబ్బయా" అంటాడు. రోజూ సాయంత్రం దాన్ని పైకి జరిపి, కింద సబ్బు పెట్టి రుద్దుకుంటున్నాడు. మా అక్క దగ్గరుండి చూస్తోంది.